పది లెక్కపెట్టేలోగా

ఇర్మ్‌ట్రౌట్ పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసింది. ఇంటికొచ్చి ఈగలను వేరుచేసేది. జీతం ఇచ్చిన పనికి ఏనాడో దణ్ణం పెట్టేసింది గానీ, దమ్మిడీ రాని ఈ పనిని మాత్రం వదల్లేదు. రైన్ నది పక్క పచ్చికబయల్లో, ఒకే మేకు దగ్గర, ముప్పై ఒక్క వేసవులుగా ఆమె డేరా వల నిలబడుతోంది. అందులో దూరిన పురుగు పైకి పాకి, కొసన కట్టిన స్పిరిట్ సీసాలో పడుతుంది. రెండు వారాలకోసారి ఆ సీసా వంటింటి బల్ల మీదికి వస్తుంది.

తూకానికి, ఆమె సభ్యురాలైన పురుగుల పరిశీలకుల సంఘం పెట్టిన పద్ధతి ఒకటుంది. సీసాను జల్లెడలో ఒంపాలి. చుక్కకూ చుక్కకూ మధ్య పది లెక్కపెట్టగలిగేదాకా స్పిరిట్ కారనివ్వాలి. అప్పుడే తూచాలి. మొదటి ఏళ్లలో పురుగుల కుప్ప పెద్దది కాబట్టి, కాఫీ కాచుకుని, తాగి, కప్పు కడిగి పెట్టినా ఇంకా చుక్కలు పడుతూనే ఉండేవి. పోయినేడు కాఫీ నీళ్లు మరగకముందే ఆగిపోయాయి. ఎనభై గ్రాములు తూగే చోట పన్నెండు తూగాయి. ఆ బయలు తన కళ్ల ముందే చచ్చిపోతోందేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

ఈ వేసవి ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. సీసా మార్చే పని భర్త విల్లిబర్ట్ మీద పడింది.

"చచ్చిన ఈగలకున్న మర్యాద ఈ ఇంట్లో నాకు లేదు," అని సణుగుతూనే వెళ్లొచ్చేవాడు. జూన్ చివరి సీసా గాలికి పడి ఒలికిపోయిందన్నాడు. జూలై మొదటి సీసా మాత్రం మెడదాకా నిండి వచ్చింది.

"చూడు, నీ చుట్టాలు తిరిగొచ్చారు! ఊరికే బెంగపెట్టుకున్నావు."

ఇద్దరూ తియ్యని బీట్‌దుంప పాకం రాసిన నల్ల రొట్టె తినడం అయింది, చుక్కలు పడుతూనే ఉన్నాయి. చివరికి తూస్తే డెబ్బై నాలుగు గ్రాములు. ఆమె అతని మొహం పట్టుకుని ముద్దు పెట్టింది. అతనెందుకో కిటికీ వైపు చూశాడు.

సాయంత్రం భూతద్దం ముందు కూర్చుంది. సంఘానికి తూకం చాలు, ఆమెకు ఎవరెవరో తెలియాలి. ముందుగా కందిరీగ వేషం వేసే పూల ఈగల కోసం వెతికింది. వాటి రెక్కలో దేనితోనూ కలవని నరం ఒకటుంటుంది, అదే వాటి చిరునామా. ఒక్క రెక్కలోనూ ఆ నరం కనపడలేదు. పళ్లెం తర్వాత పళ్లెం, పసుపు నూగు పేడ ఈగలే. ఆ బయల్లో ఆవు అడుగుపెట్టి పదకొండేళ్లయింది.

"విల్లీ, వల ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, ఉండాల్సిన చోటే."

"ఇవి పేడలో పుట్టే ఈగలు. వల ఎక్కడుందో చెప్పు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "థైసెన్ వాళ్ల పశువుల కొట్టం వెనక పెట్టా. పోయినేడు ఈ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చావు. పైగా ఆపరేషనైన మనిషివి. ఒక్కసారి నవ్వుతావనుకున్నా, అంతే."

కోపం రావాల్సింది. ముప్పై ఏళ్ల లెక్కను పాడుచేశాడు. కానీ ఆమెకు కోపం కన్నా ముందు భయమేసింది, అబద్ధమాడాల్సి వచ్చేంతగా అతనేం చూశాడోనని.

"జూన్ సీసా ఒలికిపోలేదు కదా?"

విల్లిబర్ట్ నేలమాళిగలోకి దిగి, బంగాళాదుంపల బుట్ట వెనక దాచిన సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని జల్లెడలో ఒంపింది. స్పిరిట్ మొత్తం ఒక్కసారే గిన్నెలోకి దిగిపోయింది. ఆ వెనక ఒక చుక్క పడింది. ఒకటి, రెండు, మూడు అని ఆమె మొదలుపెట్టింది. విల్లిబర్ట్ కూడా గొంతు కలిపాడు. ఇంకో చుక్క పడుతుందేమోనని ఇద్దరూ జల్లెడ అడుగునే చూస్తున్నారు. పది దగ్గర అతను ఆగిపోయాడు. ఆమె మాత్రం పదకొండు అంది, పన్నెండు అంది, ఇంకా లెక్కపెడుతూనే ఉంది.