బ్యాట్‌కు చుట్టిన దుప్పటి

మా క్వార్టర్ల పిల్లలకు చలి అంటే భయం లేదు. కొత్తగూడెంల బొగ్గుకు కరువా? మా నాన్న బొగ్గుబాయిల పనిచేసేటోడు. తెల్లారకముందే మా వాకిట్ల బొగ్గుల పొయ్యి రాజుకునేది. బట్టలు ఆరకపోయినా, అటుకులు మెత్తబడినా అన్నిటికీ ఆ పొయ్యే మందు. ఆ అలవాటే నన్ను ముంచింది.

అప్పుడు నేను పదో తరగతి. రెండువేల నాలుగో, అయిదో, సరిగ్గ యాదికి లేదు. మా సాఫ్ట్‌బాల్ టీముకు మంచి బ్యాట్ ఒక్కటే, ఫైబర్‌ది. మిగతావన్నీ సొట్టలు పడ్డ అల్యూమినియంవి. పీఈటీ మేడం ఆ ఫైబర్ బ్యాట్‌ను నా దోస్తుకు అప్పజెప్పింది. ఆమెది పర్ణశాల దిక్కు అడవిల ఊరు, హాస్టల్ల ఉండి చదివేది.

మేడం చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ పిల్లకు నోటికొచ్చు. చలికి ఫైబర్ పెళుసైతది, బ్యాట్‌ను బయట పెట్టొద్దు. బాల్ కూడ రాయి లెక్క గట్టిపడ్తది, పొద్దుగాల మెల్లగ కొట్టుకుంట మొదలుపెట్టాలె. పగులు కనబడితే ఇంక ఆడొద్దు, ముక్క ఎగిరి ఎవలకన్న తగుల్తది. చల్లగున్నదని మంట దగ్గర మాత్రం అస్సలు పెట్టొద్దు, లోపలి బంక వదులైతది. నా దోస్తు తన గళ్ల దుప్పటి బ్యాట్‌కు చుట్టి, తాను చున్నీ కప్పుకొని పండేది. బ్యాట్‌కు తొట్టెల ఎప్పుడేస్తవే అని ఎక్కిరించేదాన్ని నేనే.

జిల్లా సెలక్షన్స్ వచ్చినయి. సెలక్ట్ అయితే ఆమెకు స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తది, ఇంటర్ చదువుకోవచ్చు. లేకుంటే పది కాంగనే పత్తి ఏరుడుకు ఇంటికి రావాలెనని వాళ్ల నాయన ముందే చెప్పిండు. నాకు గట్లాంటి బాధ లేదు. ఆడితే ఆడిన, లేకుంటే లేదు.

సెలక్షన్స్‌కు ముందురోజు, మా నాన్నకు చూపిస్తనని ఆ బ్యాట్ అడిగిన. ఆమెకు ఇయ్యబుద్ధి కాలే. మస్తు బతిమిలాడితే దుప్పటితోటి ఇచ్చింది. ఇంట్ల అందరికీ చూపించి, బ్యాట్‌ను అరుగు మీద వదిలేసిన. చలేస్తున్నదని దుప్పటి నేను కప్పుకొని పండుకున్న.

తెల్లారి చూస్తే బ్యాట్ మంచుకు తడిసి ఉన్నది. పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయినయి. మేడం మాట మరిచిపోయిన అంటే అబద్ధమైతది, మంచిగ గుర్తుంది. జరసేపే కదా అనుకొని, కప్పుకున్న దుప్పటితోటే పొయ్యి పక్కన కూసొని, బ్యాట్‌ను తిప్పుకుంట కాగబెట్టిన. వెచ్చగైనంక దుప్పటి చుట్టి గ్రౌండుకు తీసుకపోయి ఇచ్చిన.

ఆమె వంతు వచ్చింది. మొదటి బాల్‌కే బ్యాట్ చప్పుడు తేడా కొట్టింది. తిప్పి చూసుకున్నది, పైన పగులేం కనబడలే. రెండో బాల్‌కు బ్యాట్ పొడుగునా చీలి, పెచ్చు లేచి ఆమె ముంజేతికి గీసుకపోయింది. మేడం రుమాలు కట్టి అల్యూమినియం బ్యాట్ ఇచ్చింది. ఆ చెయ్యితోటి ఆమె ఒక్క బాల్ గూడ కొట్టలేకపోయింది. చలిల ఎక్కడనో పడేసినవ్, నిన్ను నమ్మిన చూడు, అని మేడం అందరి ముందట ఆమెనే తిట్టింది. ఆమె తలకాయ వంచుకొని నిలబడ్డది. నేను తేలు కుట్టిన దొంగ లెక్క నోరు మూసుకున్న. సాయంత్రం లిస్టుల ఆమె పేరు లేదు. ఆమె జాగల నా పేరు ఉన్నది.

ఇప్పుడు నేనే పిల్లలకు ఈ ఆట నేర్పిస్తున్న. చలికాలం వస్తే బ్యాట్‌లను ఇంట్లకు తెచ్చి గుడ్డలు చుట్టి పెడ్త. పిల్లలు నవ్వుతరు. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పది కాంగనే ఆమె ఊరికి పోయింది. మళ్ల నాకు కనబడలే. నేను చేసిన పని ఎవ్వలికీ చెప్పలే, సిగ్గుతోటి ఇన్నేండ్లు కడుపులనే దాచుకున్న.

అప్పట్ల, సెలక్షన్స్ అయిన కొన్నాళ్లకు, నేను జిల్లా టీము క్యాంపుకు పోయే రోజు ఆమె బస్టాండుకొచ్చింది. ముంజేతికి కట్టు అట్లనే ఉన్నది. ఇప్పుడన్న చెప్పాలె అనుకుంటుండంగనే, సంచిలకెళ్లి ఆ గళ్ల దుప్పటి తీసి నా చేతుల పెట్టింది. దానికి మా పొయ్యి పొగ వాసన ఇంకా పోలే.

"ఇది బ్యాట్‌కు," అన్నది. "నువ్వు కప్పుకోకు."