ఉపవాసంలో మాత్ర

ఫిట్స్‌తో వచ్చిన మనిషికి మందు ఎక్కిస్తుంటే పక్కనుంచి తొందరపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కర్నూలు ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సుగా నేను సంపాదించిందల్లా ఈ కోపమేనని మా ఇంట్లో ఎగతాళి చేస్తారు.

ఆ మధ్యాహ్నం బేతంచెర్ల నుంచి ఒక అత్త తన కోడల్ని తీసుకొచ్చింది. ఇద్దరూ నాపబండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తారట. కోడలికి ఫిట్స్ ఆగకుండా వస్తూనే ఉన్నాయి. డాక్టరు రాసిన మొదటి ఇంజెక్షన్‌కు లొంగలేదు. ఫిట్స్ మాత్రలు వాడుతోందా అని అత్తను అడిగాను.

"రోజూ ఏసుకుంటాది సిస్టరమ్మా. ఇప్పుడు చర్చిలో ఉపవాస ప్రార్థనలు జరుగుతాండాయి గదా, అన్నం ముట్టలే. అన్నం తిన్నంక ఏసుకోమని మీరే చెప్తిరి. పరగడుపున యాడ ఏసుకుంటాది?"

మేం చెప్పింది చెప్పినట్టే పాటించారు. అన్నం లేదు కాబట్టి మాత్రా లేదు. ఆ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబడతాయని వాళ్లకు తెలియదు.

డాక్టరు ఫినోబార్బిటోన్ ఇంజెక్షన్ ఇమ్మన్నారు. అది ఫిట్స్‌ను అణిచే మందే, కానీ మత్తుమందు కూడా. తొందరపడితే ఊపిరినీ అణిచేస్తుంది. మోతాదు ఇంకో నర్సుతో కలిసి సరిచూసుకున్నాను. ఆక్సిజన్, గాలి కొట్టే సంచి చేతికందేలా పెట్టుకున్నాను. సూది నరంలోనే ఉందని చూసుకుని, ఆమె ఛాతీ మీంచి కళ్లు తిప్పకుండా నెమ్మదిగా మొదలుపెట్టాను.

"ఏం సిస్టరమ్మా, ఇంత నిదానంగా ఎక్కిస్తాండావు? బిడ్డ పోతాండాది, బిన్నా ఎక్కియ్యి!" అని అత్త నా భుజం పట్టుకుంది.

"బిన్నా ఎక్కిస్తే ఫిట్సూ నిలుస్తాయి, ఊపిరీ నిలుస్తాది. గమ్మునుండు!" అని కసిరాను.

సగం మందు వెళ్లేసరికి ఫిట్స్ తగ్గుముఖం పట్టాయి. ఛాతీ లేవడం కూడా తగ్గింది. వెంటనే మందు ఆపి డాక్టర్ని కేకేశాను. గడ్డం పైకెత్తి సంచి నొక్కాం. నాకు భయమేసింది, దాచడమెందుకు. కాసేపటికి ఆమె తనంతట తానే ఊపిరి లాగింది. డాక్టరు బీపీ చూసి, మిగిలింది ఇంకా నెమ్మదిగా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయాయి. గెలిచాం!

మర్నాడు డ్యూటీకి రాగానే నేరుగా ఆ మంచం దగ్గరికే వెళ్లాను. కోడలు లేచి కూర్చుని ఉంది. మత్తు వదిలింది, మింగగలుగుతోంది, ఇడ్లీ పెట్టొచ్చని డాక్టరు అన్నారు. నేను మాత్ర చేతికిచ్చి, తిన్నా తినకపోయినా దీన్ని మాత్రం మానొద్దని ఇద్దరికీ చెప్పాను.

"ఉపవాసం ఇంకా అయిపోలేదు గదత్తా" అని కోడలు గొణిగింది.

అత్త ఇడ్లీ తుంచి ఆమె నోట్లో పెట్టింది. "నీ వంతు ఉపవాసం గూడా నేనుంటాలే. నువ్వు తిను, మాత్రేసుకో."

ఆ పూటంతా నేను వార్డులో ఛాతీ విరుచుకుని తిరిగాను.