చదివి వినిపించిన అర్జీ

నా చిన్నప్పుడు నా చేతిరాత అంటే నాకు మహా గర్వం. మార్కాపురంలో మా వీధివాళ్లు ఉత్తరం ముక్క రాయించుకోవాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసి ఆరోగ్యం పోగొట్టుకున్న వాళ్ల తరఫున అర్జీలు పెట్టడమే పక్కింటి పెద్దమ్మ జీవితమంతా చేసిన పని. ఆదివారాల్లో ఆమె బడి పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరితే, అందరికన్నా ముందు నడిచేదాన్ని నేనే.

ఆమెకొక పద్ధతి ఉండేది. అర్జీ ముందు పలక మీద రాయాలి. చెప్పిన మనిషికి చదివి వినిపించాలి. ఆ మనిషి సరేనన్నాకే కాగితం ముట్టుకోవాలి. నాకది ఒట్టి చాదస్తంగా తోచేది.

ఒక ఆదివారం తర్లుపాడు దారిలో ఒక ఇంటికి వెళ్లాం. పలకలు కోసే మిషన్ దగ్గర పనిచేసిన ఆ ఇంటాయన పోయి నెల కూడా కాలేదు. ముగ్గురు చిన్నపిల్లలు. ఫ్యాక్టరీవాళ్లు పరిహారం ఇవ్వకపోతే, ఆయన భార్య కూడా వెళ్లి అదే మిషన్ దగ్గర కూర్చోవాలి.

"దుమ్ము తిని తిని పోయినాడమ్మా," అని ఆమె చెప్పింది. నేను పలక పక్కన పడేసి, నేరుగా కాగితం మీద గుండ్రటి అక్షరాలతో "అనారోగ్యంతో స్వర్గస్థులైనారు" అని రాశాను. వేలిముద్ర కూడా వేయించాను. ఎంత మురిసిపోయానో!

పెద్దమ్మ కాగితం చూసింది. తిట్టలేదు.

"చదివి వినిపియ్యి పాపా," అంది.

చదివాను. "నేనట్ల చెప్పలేదే! రోగమని రాస్తే మా తలరాత అని పంపించేస్తారు. ఆ దుమ్ము ఫ్యాక్టరీది పాపా," అని ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మ కాగితం చింపేసి, పలక నా ఒళ్లో పెట్టింది. "ఆమెకు మిగిలిందే ఆ మాట. అదీ మనమే లాక్కుంటే ఎట్లమ్మా?" అంది.

ఈసారి ఆ ఇల్లాలు చెప్పింది చెప్పినట్టు రాశాను. దుమ్ము అన్న మాట పట్టుకునే కార్మికశాఖ అధికారి ఆ మిషన్ దాకా వెళ్లి చూశాడట. ఎన్నిసార్లో తిప్పించుకున్నాక పరిహారం వచ్చింది. ఆమె ఆ మిషన్ దగ్గర కూర్చోలేదు.

ఇప్పుడు ఆ అర్జీల పని నాది. నా వెంట కాలేజీ పిల్లలు వస్తున్నారు. అర్జీలు ఫోన్లలోనే టకటకా కొట్టేస్తారు. మొన్న ఒక ఇంటికి వెళ్లినప్పుడు ఒక అమ్మాయి, అచ్చం నాలాగే మురిసిపోతూ, "అనారోగ్యంతో మరణించారు" అని రాసి చూపించింది. కోపం రాలేదు. పెద్దమ్మ పలక ఇప్పటికీ నా సంచిలోనే ఉంటుంది. తీసి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టాను.

"చదివి వినిపియ్యి పాపా," అన్నాను.