మామయ్యగారి రెండో రిపోర్టు

ఉద్యోగం పోయిన మరుసటి రోజు కూడా నేను మామూలు వేళకే లేచాను. ఆఫీసుకు వేసుకునే కుర్తా వేసుకుని, జుట్టు ముడేసుకుని, వంటింట్లో నిలబడ్డాక గాని ఆ రోజు ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తు రాలేదు. హైటెక్ సిటీలో ఇరవై రెండేళ్ళు ఒకే కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ముందురోజు మధ్యాహ్నం తెర మీద ఇద్దరు కనిపించి, మర్యాదగా మాట్లాడి, ల్యాప్‌టాప్ ఎక్కడ అప్పగించాలో చెప్పారు. నేను థాంక్యూ అన్నాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. నెలల తరబడి అలాగే ఉంది.

మా ఆయన ఇంకో కంపెనీలో చేస్తారు. "కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో" అని చెప్పి ఎనిమిదింటికి వెళ్ళిపోయేవారు. ఇంట్లో నేనూ మామయ్యగారూ మిగిలేవాళ్ళం.

మామయ్యగారికి ఎనభై ఎనిమిదేళ్ళు. అనంతపురం జిల్లా మనిషి. అత్తయ్యగారు పోయాక ఆరేళ్ళ క్రితం నార్సింగిలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారన్నంత వరకే నాకు తెలుసు. మాది పశ్చిమ గోదావరి. పెళ్ళయిన కొత్తలో ఆయన మాట తీరు సగం అర్థమయ్యేది కాదు. అర్థం కావడం మొదలయ్యాక మాట్లాడుకునేంత తీరిక నాకు లేకపోయింది.

వారం గడిచాక ఒక ఉదయం ఆయన చేతికర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఏమ్మా, ఎనక గేటు దాకా నాతో వస్తావా? ఒక్కన్నే పోతే వాచ్‌మన్ బయటికి పంపీడు."

వెళ్ళాను. రాననడానికి కారణం ఏమీ తోచలేదు.

వెనక గేటు దాటితే, అప్పటికి ఇంకా ఎవరూ ఏమీ కట్టని ఏడెనిమిది ఎకరాల ఏటవాలు నేల ఉండేది. పైన, సగం పగలగొట్టిన గుట్ట వైపు, ఎర్రమట్టి, బండరాళ్ళు. దిగువన కొంత మేర నల్లరేగడి. మధ్యలో మోకాలెత్తు గట్టు ఒకటి తంగేడు పొదలతో, సీతాఫలం చెట్లతో వంకర తిరుగుతూ పోయేది. మామయ్యగారు దాని మీదికి ఎక్కి, చేతికర్రతో రెండుసార్లు తట్టారు.

"ఇది గట్టు కాదమ్మా. కాంటూరు కట్ట. మేము ఏసిందే."

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇటువైపు పల్లెల్లో పోస్టింగ్ వేశారట. సాయిల్ కన్సర్వేషన్, అంటే నేల కోతను ఆపే సెక్షన్. వాన నీళ్ళు వాలులో పరుగెత్తితే పైమట్టిని ఎత్తుకుపోతాయి. అందుకని వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ మట్టి కట్ట వేస్తారు. నేల ఎటు వంగితే కట్ట అటు వంగుతుంది. నీళ్ళు అక్కడ ఆగి ఇంకుతాయి. కట్ట నిలవాలని దాని మీద సీతాఫలం, కానుగ గింజలు చల్లించేవారట. ఎత్తు కొలిచే లెవలు యంత్రంలోంచి ఒకరు చూస్తుంటే, అంకెల కర్ర పట్టుకుని ఇంకొకరు గుట్టంతా తిరిగేవారు. ఆయన మొదట ఆ కర్ర పట్టుకున్నారు, తర్వాత యంత్రం దగ్గరికి మారారు.

"ఇక్కడే పనిచేశారని మాకెప్పుడూ చెప్పలేదేమండీ?" అన్నాను.

"నా గది కిటికీలోంచి ఆ గుట్ట కనపడతాది. సగం పగలగొట్టినారు గానీ మిగిలిన సగం చాలు గుర్తుపట్టేదానికి. వచ్చిన మొదటి రోజే తెలిసింది."

ఆరేళ్ళు రోజూ ఆ కిటికీ పక్కనే కూర్చుని పేపరు చదివారు.

రోజూ వెళ్ళడం అలవాటైంది. ఆ కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాళ్ళం. ఎంత దూరం నడిచినా ఎక్కినట్టూ ఉండదు, దిగినట్టూ ఉండదు. ఆ రోజుల్లో నాకు సరిపడ్డ నడక అదే.

వెనక గేటు పక్కన గోనెసంచి పరుచుకుని ఒక పెద్దామె ఆకుకూరలు అమ్మేది. డెబ్బై దాటి ఉంటాయి. దిగువ నల్లరేగడిలో తోటకూర, పాలకూర, గోంగూర ఆమే పండించేది. ఆ భూమి ఒకప్పుడు వాళ్ళదే. అన్నదమ్ముల పిల్లలు అమ్మేశారు. కట్టడాలు మొదలయ్యే దాకా ఉండమని కొన్నవాళ్ళు చెప్పారట. ఒకరోజు మేము కట్ట దిగి వస్తుంటే పలకరించింది.

"ఏంది సారు, రోజు గా కట్ట మీదనే తిరుగుతున్నరు?"

"ఎప్పటిదో తెలుసునా అమ్మా ఈ కట్ట?" అన్నారు మామయ్యగారు.

"ఎందుకు తెల్వదు? సర్కారోళ్ళు ఏసిన్రు. మా అమ్మ గంపలు మోసింది. నేను చిన్నపొల్లను, ఎనక ఎనక తిరిగేదాన్ని. గా కట్టనే మా నాయిన తెంపిండు. పోలీసులొచ్చి తోల్కపోయిన్రు."

మామయ్యగారు గేటు వైపు నడిచారు. నేను రెండు కట్టల పాలకూర తీసుకున్నాను. లిఫ్టులో ఆయన వేరే అంతస్తు బటన్ నొక్కారు. ఎండకు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయనే చెప్పారు. అన్నం కలిపి, తినకుండా.

"ఎర్రనేల నీళ్ళు తాగుతాదమ్మా. రేగడి అట్ల తాగదు, పట్టుకోని కూర్చుంటాది. ఆ పెద్దామె నాయన వచ్చి చెప్పినాడు. సారూ, కట్ట ఎనక నీళ్ళు నిలబడి జొన్న కుళ్ళిపోతాండాది, నీళ్ళు పొయ్యేదానికి ఒక దారి ఇడవండి అని. రెండుసార్లు వచ్చినాడు. నాకు ఇరవై ఒక్కేళ్ళు. ప్లాన్‌లో దారి లేదు, నేనేం చేసేది అన్నాను. మూడో వానకు ఆయన పార తీసుకోని కట్ట తెంపినాడు. ఆ నీళ్ళు పోయి కింది చేను కోసేసినాయి."

"మీరేం చేశారు?"

"రిపోర్టు రాసినాను. దురుద్దేశంతో ప్రభుత్వ పనికి నష్టం చేసినాడని. ఆయన రెండుసార్లు వచ్చి చెప్పిన సంగతి రాయలా." కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతూ అన్నారు, "తెలీక కాదు. రాస్తే తప్పు నాదవుతాదని."

నేను మజ్జిగ పోశాను. జాలి పడాలో తప్పుపట్టాలో తెలియలేదు. రెండూ కలగలేదు. రెండేళ్ళ క్రితం నా టీమ్‌లో ఒకమ్మాయి గురించి నేనూ ఒక పనితీరు అంచనా రాశాను. అందులో ఏం రాయకుండా వదిలేశానో ఆలోచించబోయి, మానేశాను.

మరుసటి రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గేటు దగ్గర ఆ పెద్దామె ముందు నిలబడి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "మీ నాయన మీద రిపోర్టు రాసింది నేనేనమ్మా" అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆమె చేతిలో గోంగూర కట్ట ఉంది. దాన్ని కింద పెట్టలేదు. చెప్పడం అయిపోయాక ఆయన్ని తల నుంచి పాదాల దాకా చూసింది.

"టోపీ పెట్టుకున్న పొట్టి సారువి నువ్వేనా?"

"నేనే."

"రెండు దినాలు ఠాణాల ఉంచిన్రు. కొట్టిన్రో లేదో చెప్పలే. గప్పటి సంది, సచ్చేదాంక, ఊళ్ళెకు ప్యాంటు ఏసుకున్నోడు ఎవడొచ్చినా మా నాయిన ఇంట్ల దాక్కునేటోడు. బడి పంతులొచ్చినా దాక్కునేటోడు. మా ఊళ్ళె పిల్లలు నవ్వేటోళ్ళు."

మామయ్యగారు తల ఊపారు.

"ఇప్పుడు చెప్తె ఏమొస్తది సారు?"

"ఏమీ రాదు."

ఆమె నా వైపు తిరిగింది. "నీకేం కావాలె బిడ్డా? తోటకూర మంచిగున్నది."

తోటకూర తీసుకున్నాను. ఇక ఆయన అటు రారని అనుకున్నాను. కానీ మర్నాడూ బయల్దేరారు, ఆ పైరోజూ. మూడో రోజు ఆమె తనంతట తానే గోనెసంచి మీద తడిగుడ్డ కప్పి లేచింది.

"రా సారు, ఒకటి చూపిస్త."

ముగ్గురం దిగువకు నడిచాం. కట్ట నల్లరేగడిలోకి దిగే చోట ఒక ఖాళీ ఉంది. పొదల మాటున ఉండటం వల్ల మేమెప్పుడూ చూడలేదు. ఆమె కొడవలితో పొదలు తప్పించింది. తెగిన చోట రెండు పక్కలా మట్టి జారకుండా బండలు పేర్చి ఉన్నాయి. అడుగున, కట్ట కన్నా జానెడు తక్కువ ఎత్తులో, పలకరాళ్ళు పరిచి ఉన్నాయి. నీళ్ళు దూకే వైపు కోత పడకుండా గుండ్రాళ్ళు దట్టించి ఉన్నాయి. చిన్న మత్తడి అది. ఊరి చెరువు నిండితే మిగిలిన నీళ్ళు పొర్లిపోయేందుకు ఉంటుందే, అలాంటిది.

"ఠాణాకెళ్ళి వచ్చినంక మా నాయిన కట్టిండు. ఒక్కడే. గా గుట్ట మీదికెళ్ళి రాళ్ళు మోసుకొచ్చిండు. మళ్ళ ఎవరన్న చూస్తె పట్కపోతరని తెల్లారక ముందే పని చేసేటోడు. గప్పటి సంది కింది చేనుకు ఏం కాలే, మా జొన్న కుళ్ళలే."

మామయ్యగారు కర్ర నాకిచ్చి, నా భుజం పట్టుకుని వంగారు. పలకరాయి అంచు మీద అరచెయ్యి పెట్టి, కట్ట పైభాగం వైపు కళ్ళు చికిలించి చూశారు. లెవలు చూస్తున్నారని అర్థమైంది.

"మా ఇంజనీరు కూడా ఇంత పద్ధతిగా కట్టల్యా" అన్నారు.

పెద్దామె కొడవలిని కొంగుకు తుడుచుకుంది. "గీ మాట గప్పుడు మా నాయినకు చెప్పకపోతివి సారు."

ఆయన రాయి మీద బరువు మోపారు. లేవడానికి ఇద్దరం చెరో చెయ్యి అందించాం.

మే నెలలో జేసీబీలు వచ్చాయి. ముందు చెట్లు పీకారు. తర్వాత పైమట్టిని చెక్కి లారీల్లోకి ఎత్తారు. ఎర్రమట్టి తోటలకు పనికొస్తుందట, ఎక్కడెక్కడికో తీసుకెళ్ళారు. కట్ట మొత్తం పోవడానికి ఒక పూట సరిపోయింది. మత్తడి రాళ్ళను బండి బకెట్ ఒకసారి ఎత్తి పక్కన పోసింది. నేను పద్నాలుగో అంతస్తు బాల్కనీలోంచి అంతా చూశాను. మామయ్యగారు కిటికీ తెర వేసుకుని పడుకున్నారు. నాకు బాధ కలుగుతుందేమోనని ఎదురుచూశాను. టీ చల్లారింది, అంతే.

మొదటి గట్టి వానకు బురద నీళ్ళు గోడ కింద నుంచి మా సెల్లార్‌లోకి వచ్చాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు గొడవ నడిచింది. బిల్డర్‌ది తప్పని కొందరు, కార్పొరేషన్‌దని కొందరు. మా ఆయన ఫోన్ చూపిస్తే మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలు చూశారు. "పైమట్టి" అని మాత్రం అన్నారు.

ఆ సాయంత్రం నన్ను తెల్లకాగితాలు అడిగారు. టైపు చేస్తానంటే వద్దన్నారు. ఆగి ఆగి, రెండు రోజులు రాశారు. మొదటి రిపోర్టు ఇంగ్లీషులో రాశారట. ఇది తెలుగులో. పూర్తయ్యాక మడిచి నా చేతికిచ్చారు.

"ఎవరికి ఇవ్వాలండీ? ఆఫీసుకా?"

"ఆఫీసు యాడ ఉండాది ఇప్పుడు? ఆ పెద్దామెకు ఇయ్యి. ఆమెకు చదువు రాదనుకుంటా, నువ్వే చదివి వినిపించు."

"మీరూ రండి."

"నేను వద్దులే."

అప్పటికి నాకు కొత్తగూడలో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. పాత జీతం కాదు, పాత పని కూడా కాదు. ఆమె నార్సింగి చౌరస్తా దగ్గర, ఒక మందుల షాపు మెట్ల పక్కకు మారిందని వాచ్‌మన్ చెప్పాడు. ఇప్పుడు పండించడం లేదు, మార్కెట్లో కొని అమ్ముతోంది. శనివారం పొద్దున్న వెళ్ళాను. మెట్టు మీద కూర్చుని, బస్సుల చప్పుడులో గొంతు పెంచి చదివాను.

మొదటి పంక్తిలో ఆమె తండ్రి పేరు, ఇంటిపేరుతో, ఆయన తండ్రి పేరుతో సహా ఉంది. ఎవరినీ అడగకుండానే రాశారు. తర్వాత ఇలా ఉంది: 'పై రైతు కట్టను తెంపిన మాట నిజము. అయితే నల్లరేగడిలో నీరు నిలిచి పైరు కుళ్ళిపోవుచున్నదని, నీటికి దారి విడవవలెనని అతడు అంతకుముందే రెండు పర్యాయములు నాకు మనవి చేసినాడు. ఆ సంగతి నా మొదటి రిపోర్టులో కావలెనని రాయలేదు. అనంతరము అతడు స్వయముగా కట్టిన రాతి మత్తడిని తనిఖీ చేసినాను. పని సక్రమముగా ఉన్నది. తప్పు నాది.'

తండ్రి పేరు విన్నప్పుడు ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. చదవడం అయ్యాక, "మళ్ళొకపారి మా నాయిన పేరు చదువు" అంది. చదివాను. ఈసారి పేరు సగంలో అక్షరాలు అలుక్కుపోయాయి. నెలల తర్వాత కళ్ళు తడవడం అదే మొదటిసారి. చున్నీతో ఒత్తుకుని పూర్తిచేశాను.

"దస్కతు పెట్టిండా?"

సంతకం మీద వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి, ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రవికెలో దోపుకుంది. తర్వాత మెంతికూర మీద నీళ్ళు చల్లింది.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారు గడ్డం గీసుకుంటున్నారు.

"ఏమన్నింది?"

"తీసుకుందండీ."

"ఊఁ" అని, ఆయన రెండో చెంపకు సబ్బు రాసుకున్నారు.