దవాఖాన మొదటి పేజీ

మా ఉస్తాద్ పోయిన్రని ఆయన బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను నల్గొండల నా ఆఫీసుల ఒక క్లయింటుతోని రంగుల గురించి వాదిస్తున్న. ఆ క్లయింటుకు ఏం చెప్పి లేచిన్నో యాదికి లేదు. బస్సెక్కి పాలమూరు పోయిన.

ఆ ఊర్లె ఉస్తాద్ దగ్గరనే నేను వెబ్‌సైట్లు చేసుడు నేర్చుకున్న. అంతకుముందు ఆయన దుకాణాలకు బోర్డులు రాసేటోరు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయినంక, నలభై దాటిన వయసుల కంప్యూటర్ ముందట కూసున్నరు. ఏ పేజీ చేసినా లేచి నాలుగడుగులు వెనక్కి పోయి, ఒక కన్ను మూసి చూసేటోరు. దూరంకెల్లి చదవరాకపోతే అది బోర్డే కాదనేటోరు.

ఆత్మకూర్ దిక్కు ఒక చిన్న దవాఖానకు వెబ్‌సైట్ చేసే పని మాకొచ్చింది. పాము కాటుకు అక్కడ మందు దొరుకుతది. పేజీ తెరవంగనే బిల్డింగు వీడియో, పాట, తన పెద్ద ఫోటో రావాలన్నడు డాక్టరుసాబ్. ఉస్తాద్ అవేవీ పెట్టలే. తెల్ల పేజీ మీద అంబులెన్స్ నంబరు, దవాఖానకు దారి, గంతే. దవాఖాన నాదా మీదా అని డాక్టరుసాబ్ గరమైండు. సోమవారం కల్లా తను చెప్పినట్ల లేకపోతే పని హైదరాబాదోళ్లకు ఇస్తనన్నడు.

నాకు భయమైంది. అంత పెద్ద పని మాకు అదే మొదలు. ఉస్తాద్ జుమ్మా నమాజుకు పోయినప్పుడు, డాక్టరుసాబ్ అడిగినట్లనే పేజీ చేసి పంపిన. ఆయనకు మస్తు నచ్చింది. ఉస్తాద్ వచ్చినంక చెప్పిన. కుర్చీ జరుపుకొని వీడియో మొత్తం రెండుసార్లు చూసిన్రు. తిట్టినా బాగుండు అనిపించింది.

సోమవారం ఇద్దరం దవాఖానకు పోయినం. ఉస్తాద్ బతిమిలాడి డాక్టరుసాబ్‌ను ఊరవతల పత్తిచేన్లకు తోలుకపోయిన్రు. అక్కడ సిగ్నల్ ఒక్క గీతే. నేను చేసిన పేజీ ఆయన ఫోన్లనే తెరువుమన్నరు. తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది. డాక్టరుసాబ్ ఇంకోపారి నొక్కిండు. మళ్ల తిరిగింది. నాకు తలెత్త బుద్ధి కాలే.

"సాబ్, మీ దగ్గరికి వచ్చేటోడు గిక్కడ నిలబడి ఉంటడు," అన్నరు ఉస్తాద్ మెల్లగ.

తర్వాత అదే ఫోన్ల తన పేజీ తెరిచిన్రు. నొక్కంగనే వచ్చింది. పక్కన పత్తి ఏరుతున్న ఒకామెను పిలిచి చూపించిన్రు. నంబరు ఆమెకు దొరికింది. కానీ ఫోన్ అటిటు తిప్పి అడిగింది: "డాక్టరెవ్వరు? మనిషి కనవడకపోతె ఎట్ల నమ్మాలె?"

డాక్టరుసాబ్ నవ్వలే. ఉస్తాద్ ఎర్రమట్టి దిక్కు చూసుకుంట, ఫోటో విషయంల మీరన్నదే నిజం సాబ్, నేనే ఇనలేదన్నరు. ఫోటో చిన్నగ చేసి నంబరు పక్కన పెట్టినం. వీడియో ఇంకో పేజీలకు పోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల అన్నరు: "నువ్వు భయంతోని తప్పు చేసినవ్ బిడ్డా, నేను పొగరుతోని చేసిన." మళ్ల ఎన్నడూ ఆ మాట ఎత్తలే. మరుసటి వానకాలం డాక్టరుసాబ్ ఫోన్ చేసి, పాము కరిచిన ఒక రైతును టైముకు తెచ్చిన్రని, నంబరు పేజీలనే చూసిన్రట అని చెప్పిండు. ఉస్తాద్ ఫోన్ పెట్టేసి చానసేపు కళ్లద్దాలు తుడుసుకుంట కూసున్నరు.

ఉస్తాద్ ఇంటికాడ జనాజా లేస్తుంటే మేము ఆడోళ్లం వాకిట్ల నిలబడ్డం. పాడెకు భుజం పట్టినోళ్లల్ల డాక్టరుసాబ్ ఉన్నడు, నెత్తికి దస్తీ కట్టుకొని. అందరికన్న పొడుగు మనిషి. జనాజా ఒరగకుండ మోకాళ్లు జర వంచుకుంట నడుస్తున్నడు, గల్లీ మలుపు దాక గట్లనే.