మైకు పని చేయని మీటింగు

కొత్తగా నేర్చుకున్న మాటను ఎక్కడో ఒకచోట వాడకపోతే తిన్నది అరగని వయసు ఒకటుంటుంది. తిరువళ్ళూరు కాలేజీలో చరిత్ర చదివే ఆ రోజుల్లో నాకు అలాంటి మాటలు రెండు దొరికాయి: ప్రైమరీ సోర్స్, అంటే స్వయంగా చూసినవాళ్ల సాక్ష్యం; సెకండరీ సోర్స్, అంటే తర్వాతివాళ్లు విని రాసింది. (అమ్మ చెప్పే పక్కింటి కబుర్లను కూడా ‘సెకండరీ’ అని కొట్టిపారేసేదాన్ని.) పేరుమోసిన ప్రసంగం ఒకటి తీసుకుని, రెండు రకాల ఆధారాలనూ పోల్చి ప్రాజెక్టు రాయమన్నారు మా సారు. 1950లలో తిరుత్తణి ఆంధ్రకా, మద్రాసుకా అని గొడవ నడిచిన కాలంలో ఒక నాయకుడు అక్కడ చేసిన ప్రసంగాన్ని ఎంచుకున్నాను. ఆయన గర్జించాడని, జనం ఉప్పొంగిపోయారని నాకు దొరికిన రెండు పుస్తకాలూ చెప్పాయి. ఆ మీటింగుకు మా అవ్వ పదేళ్ల పిల్లగా వెళ్లింది. అంటే నా ప్రైమరీ సోర్స్ తిరుత్తణిలో మా ఇంట్లోనే, మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతోంది!

ఫోన్లో రికార్డింగ్ పెట్టి, “అవ్వా, ఆయన ఏమి మాట్లాడినాడు?” అని అడిగాను.

“యాడ వినపడింది పాపా? మైకు పన్జేయలేదు. నోరు ఆడతా ఉండె, అంతే. మా నాయన మటుకు చెవి కాడ చెయ్యి పెట్టుకోని కడదాకా నిలబడినాడు. ఇంటికొచ్చి మాయమ్మతో ‘రొంబ బాగా మాట్లాడినాడు’ అన్నాడు. అనేసి మగ్గం గుంతలో కూచోని ఏడ్చినాడు. ఎందుకని అడగవా?”

“అది మా టాపిక్ కాదవ్వా,” అని ఫోన్ ఆపేశాను.

‘సాక్షి వృద్ధురాలు, ఆమె జ్ఞాపకం నమ్మదగినది కాదు’ అని ఇంగ్లీషులో రాశాను. మంచి మార్కులొచ్చాయి. ఆ తెలివి చాలక, దాన్ని తెలుగులో ఆమెకే చదివి వినిపించాను.

“అంటే నేను అబద్దం చెప్పినానా?”

“అట్లా కాదవ్వా, బుక్కుల్లో వేరేగా ఉంది.”

“సరే పాపా. బుక్కులో ఉంటే అదే నిజమై ఉంటాది,” అని కండె చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత నాకు పాత సంగతి ఒక్కటీ చెప్పలేదు. స్నేహితురాలి పెళ్లి ఫొటోలకు చోటు చాలక ఆ రికార్డింగ్ చెరిపేశాను. రెండేళ్లకు అవ్వ పోయింది.

నేను అదే కాలేజీలో లెక్చరర్‌నయ్యాక, చెన్నై లైబ్రరీలో వేరే పని మీద పాత పేపర్లు తిరగేస్తుంటే, లోపలి పేజీలో చిన్న వార్త కనిపించింది. తిరుత్తణి మీటింగులో మైకు చెడిపోయిందట, ముందు వరసకు కూడా ఏమీ వినపడలేదట. విలేఖరులకు ముందే పంచిన కాగితాన్ని చూసి మిగతా పేపర్లు ప్రసంగం అచ్చేశాయట. పుస్తకాలవాళ్లు వాటిని నమ్మారు, నేను పుస్తకాలను నమ్మాను. నిశ్శబ్దంగా ఉన్న ఆ హాల్లో పకపకా నవ్వేశాను. వెంటనే కర్చీఫ్ తీయాల్సి వచ్చింది. ముత్తాత ఎందుకు ఏడ్చాడో ఆ వార్తలో లేదు. ఇక ఎక్కడా ఉండదు.

మరుసటి వారం మా కాలేజీ లైబ్రరీలో దాచి ఉంచిన నా పాత ప్రాజెక్టు తీసి, అవ్వ గురించి రాసిన వాక్యం కొట్టేసి, పక్కన ‘మైకు పని చేయలేదు’ అని రాస్తుంటే లైబ్రరీ అయ్య చూసేశాడు.

“ఏమ్మా, లెక్చరర్ అయ్యుండి బుక్కులో గీకతా ఉండారే! ఇట్లని ఎవురు చెప్పినారు మీకు?”

“మా అవ్వ,” అన్నాను.

ఆ వార్త వేసిన పేపరు పేరు చెప్పాల్సిందని మెట్లు దిగాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు.