ఎండిన చిత్రావతిలో ఈదిన పురుగు

ఈ పొద్దు మా నీళ్ల తొట్టిలో ఒక నల్ల పురుగు గిరగిరా ఈదుతుంటే నవ్వొచ్చింది. ధర్మవరంలో నా ఈడు వాళ్లారా, పందొమ్మిది వందల అరవైల్లో ఎండాకాలం చిత్రావతి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడింది గుర్తుందా?

ఎండిన ఏట్లోనూ నీళ్ల పురుగు బతికే ఉంటుందని నేనంటే, మా చిన్నాయన కొడుకు ఓబులేసు ఎగతాళి చేశాడు. ఓడినవాడు ఎండాకాలమంతా రెండిళ్లకూ నీళ్లు మోయాలని పందెం. చెలమ తవ్వుతుంటే తడి ఇసుకలో పురుగు దొరికింది గానీ కదల్లేదు.

"చచ్చినదాన్ని చూపిస్తాండావా? ఎత్తుకోప్పా బిందె!" అన్నాడు ఓబులేసు.

నేను దాన్ని చెలమలో ఊరిన నీళ్లలో వదిలాను. కాసేపటికి కాళ్లాడించింది. తర్వాత చెలమంతా చుట్టేసింది.

"ఏమబ్బా, ఇప్పుడు చెప్పు, చచ్చిందా?"

వాడు బిందె ఎత్తుకున్నాడు. నేను ముందు నడుస్తూ, "తప్పుకోండమ్మా, నీళ్ల పురుగొస్తాండాది!" అని వీధంతా కేకలేశాను.